తుపాకి దింపినవాడికి తలుపు తీసేదెవరు?

తక్కువ ఖర్చుతో తీసిన కౌబాయ్ సినిమాల్లో విశ్వాసం, మారుమనస్సు

పోయిన డిసెంబరులో మా చాళ్‌లో ఒక సంగతి జరిగింది. పేర్లు ఎందుకు గానీ, రెండో అంతస్తులో ఉండే వదినె వాళ్ల మరిది పదకొండేండ్ల తర్వాత వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మిల్లు మూతపడ్డప్పుడు అన్నకు వచ్చిన లెక్క డబ్బులో సగం ఎత్తుకుని పోయిన మనిషి. తాగుడు, పేకాట. ఆ తర్వాత ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఇప్పుడు తల నెరిసింది, చేతిలో ఒక గుడ్డసంచి. అన్న చనిపోయి నాలుగేండ్లయిందని కూడా అతనికి ఆ గుమ్మంలోనే తెలిసింది. వదినె తలుపు సగం తీసి అట్లాగే నిలబడింది. ఆ రాత్రి మా ఇంటావిడ దగ్గరికి వచ్చి, "లోపటికి రమ్మంటే పిల్లలు ఊకోరు. పొమ్మంటే నాకు నిద్ర రాదు. ఏం జేయాలె అక్కా?" అని అడిగింది.

సరిగ్గా ఆ వారమే నేను ఒక పాత కౌబాయ్ సినిమా చూస్తున్నాను. మనవడు ఫోన్‌లో పెట్టి ఇచ్చాడు. నలుపు తెలుపు బొమ్మ, 1947 నాటిది. అందులో కూడా ఒక మనిషి ఒక ఇంటి ముందు కూలబడతాడు. వాడు మంచివాడు కాదని ఇంట్లోవాళ్లకు తెలుసు. తలుపు తీయాలా వద్దా? సముద్రాల అవతల తీసిన బొమ్మలో మా చాళ్ సంగతే కనిపించేసరికి నాకు ఆశ్చర్యమేసింది. అప్పటినుంచి ఇట్లాంటివే వెతికి చూశాను. చూసినవాటి గురించి మీకు నాలుగు మాటలు చెబుతాను.

మనకు తెలిసిన కౌబాయ్ వేరు

కౌబాయ్ అనగానే మన తరంవాళ్లకు గుర్తొచ్చేది 1971లో వచ్చిన మోసగాళ్లకు మోసగాడు. కృష్ణ హీరో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు. ఎడారి, గుర్రాలు, టోపీ, నడుముకు తుపాకి. ఆ సినిమాకు వరుస ఇటలీవాళ్లు తీసిన కౌబాయ్ సినిమాల నుంచి వచ్చింది. నిధి కోసం వేట, ఒకణ్ని మించిన మోసగాడు ఇంకొకడు, పగ. చూడటానికి హుషారుగా ఉంటుంది. అందులో ఎవడూ తన తప్పు తలుచుకుని రాత్రంతా మేలుకోడు.

అమెరికాలో ఇంకో రకం కౌబాయ్ సినిమాలు మొదటినుంచీ ఉన్నాయి. వాటిలో తుపాకి పేల్చడం కంటే దించడం పెద్ద సంగతి. దొంగ, హంతకుడు, తాగుబోతు ఎవడో ఒకడు ఒక మంచి కుటుంబం దారిలో పడతాడు, మారతాడు. చర్చికి వెళ్లే మన తెలుగువాళ్లు మారుమనస్సు అంటారే, అదే కథ. యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుని ఉపమానం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆస్తి పంచుకుని పోయి, అంతా తగలేసి, పందుల దగ్గర ఆకలితో పడి ఉండి ఇంటికి తిరిగొచ్చిన కొడుకును తండ్రి పరిగెత్తుకెళ్లి కౌగిలించుకుంటాడు. ఈ సినిమాలన్నీ ఆ ఉపమానానికి గుర్రం, టోపీ తొడిగినవే.

గేటు దగ్గర బద్లీలు

ఈ సినిమాల్లో ఎక్కువ భాగం చిన్న డబ్బుతో తీసినవి. హాలీవుడ్ అంటే పెద్ద పెద్ద కంపెనీలే అనుకుంటాం గానీ, అక్కడా పేద వీధి ఒకటి ఉండేది. చిన్న కంపెనీలన్నిటికీ కలిపి ఆ పేరే పెట్టారు, పావర్టీ రో అని. అక్కడ గోవర్ వీధి, సన్‌సెట్ వీధి కలిసే మూల దగ్గర పశువుల పని పోయిన అసలు కౌబాయ్‌లు సొంత టోపీ, సొంత బూట్లు వేసుకుని పొద్దున్నే వచ్చి నిలబడేవాళ్లు. ఇవాళ గుంపులో ఒక గుర్రపువాడు కావాలి అంటే వాళ్లలోంచి పిలుచుకునేవాళ్లు. పిలుపు రాకపోతే ఆ రోజు కూలి లేదు. భోంగా మోగే వేళకు మిల్లు గేటు ముందు బద్లీలు డబ్బా పట్టుకుని నిలబడ్డ రోజులు మన ఇళ్లలో ఎవరూ మరిచిపోలేదు కదా. ఆ తెరమీద గుంపులో కనిపించేవాళ్లు మన బద్లీల్లాంటివాళ్లే.

జాన్ వేన్ పేరు వినే ఉంటారు. 1930లో ది బిగ్ ట్రెయిల్ అనే భారీ సినిమాలో హీరోగా వేశాడు. అది ఆడలేదు. తర్వాత దాదాపు పదేండ్లు ఎక్కువగా చౌక సినిమాల్లోనే పని చేశాడు. 1933 నుంచి 1935 లోపల లోన్ స్టార్ అనే పేరుతో వచ్చిన సినిమాలే పదహారు వేశాడు. ఒక్కోటి గంట కూడా ఉండదు.

డబ్బు తక్కువైతే ఏమవుతుంది? వంద గుర్రాల యుద్ధం తీయలేరు. ఒక వీధి, ఒక సారా కొట్టు, ఒక చర్చి, ఒక పొలం ఇల్లు, అంతే. కాబట్టి కథ వంటింట్లోకి, భోజనాల బల్ల దగ్గరికి వచ్చింది. ఒక మనిషి ముఖం మీద కెమెరా ఎక్కువసేపు నిలిచింది. మారుమనస్సు కథకు కావలసింది కూడా అంతే. లేమి వీటికి ఒక రకంగా మేలే చేసింది.

చర్చి తగలబెట్టిన పాదిరి

మొదట చెప్పుకోవలసింది 1916 నాటి హెల్స్ హింజెస్. మాటలు లేని సినిమా. హీరో విలియం ఎస్. హార్ట్. ఆయన అంతకుముందు నాటకాల మనిషి, షేక్స్‌పియర్ వేషాలు కట్టినవాడు. సినిమాల్లోకి వచ్చేసరికి యాభైకి దగ్గర పడ్డాడు. ముఖం రాయిలా ఉంటుంది. మంచివాడిగా మారే చెడ్డవాడు అనే వేషం తెరమీద నిలబెట్టినవాళ్లలో ఆయన ముందువాడు.

కథ ఇట్లా సాగుతుంది. నగరంలో ఒక కుర్ర పాదిరి ఉంటాడు. అతనికి పదవి మీద మోజే గానీ మనసులో గట్టితనం లేదు. పెద్దలు అతణ్ని దూరాన ఒక రౌడీ ఊరికి పంపిస్తారు. వెంట చెల్లెలు కూడా వెళుతుంది. ఆ ఊళ్లో సారా కొట్టు యజమాని, తుపాకి వీరుడు బ్లేజ్ ట్రేసీ కలిసి పాదిరిని తరిమెయ్యాలని చూస్తారు. కానీ ట్రేసీ ఆ చెల్లెలి నమ్మకాన్ని చూసి మెత్తబడతాడు. పాదిరి చెప్పిన ప్రసంగం వల్ల కాదు. నిజానికి ప్రసంగం చెప్పిన మనిషే పడిపోతాడు. సారా కొట్టు యజమాని పన్నిన వలలో చిక్కి, తాగి, ఆ మత్తులో తన చర్చిని తగలబెట్టే గుంపులో తానే కలుస్తాడు. ఆ గొడవలోనే చనిపోతాడు. ట్రేసీ కోపంతో సారా కొట్టుతో మొదలుపెట్టి ఊరంతా కాల్చేస్తాడు. ఆ మంటల సీను వందేండ్ల తర్వాత చూసినా ఒళ్లు జలదరిస్తుంది.

1994లో ఈ సినిమాను అమెరికా జాతీయ సినిమా భాండాగారపు జాబితాలో చేర్చారు. నాకు నచ్చింది ఏమిటంటే, తెల్ల కాలరు వేసుకున్నవాడు గట్టివాడు, తుపాకి పట్టినవాడు పాపి అని ఇది అనుకోలేదు. ఎవడు పడతాడో, ఎవడు లేస్తాడో చెప్పలేం అన్నది. మన గల్లీల్లో ఇరవయ్యేండ్లు భజన చేసి చివరికి సీసా పట్టినవాళ్లనూ చూశాం, సీసా వదిలి పిల్లల్ని చదివించినవాళ్లనూ చూశాం.

ముగ్గురు దొంగలు, ఒక పసిబిడ్డ

పీటర్ బి. కైన్ అనే రచయిత 1913లో త్రీ గాడ్‌ఫాదర్స్ అని చిన్న నవల రాశాడు. హాలీవుడ్ దాన్ని ఎన్నిసార్లు తీసిందో చూడండి. 1916లో ఒకసారి, 1919లో మార్క్‌డ్ మెన్ పేరుతో ఒకసారి, 1929లో హెల్స్ హీరోస్ పేరుతో, 1936లో, 1948లో. 1919 నాటిది ఇప్పుడు ఎక్కడా దొరకదు.

బ్యాంకు దోచుకుని ఎడారిలో పారిపోతున్న ముగ్గురు దొంగలకు ఒక బండి కనిపిస్తుంది. అందులో నిండు గర్భిణి. ఆమె బిడ్డను కని, మీరే వీడికి దిక్కు అని ఒప్పించి కన్నుమూస్తుంది. నీళ్లు అయిపోతున్నాయి. బిడ్డను బతికించాలంటే తాము దోచిన ఊరికే తిరిగి వెళ్లాలి. క్రిస్మస్ దగ్గర పడుతుంటుంది. నక్షత్రం చూసుకుంటూ శిశువు దగ్గరికి వెళ్లిన ముగ్గురు జ్ఞానుల కథ దీని వెనక ఉంది. ఇక్కడ జ్ఞానులు దొంగలు, అంతే తేడా.

నన్ను ఎక్కువగా కదిలించింది 1929 నాటి హెల్స్ హీరోస్. గంటా పది నిమిషాలు కూడా ఉండదు. తీసినవాడు విలియం వైలర్. ముప్పయ్యేండ్ల తర్వాత బెన్‌హర్ తీసిన మనిషే. మాటల సినిమా అప్పుడే కొత్త. కెమెరా చప్పుడు మైకులో పడకూడదని దాన్ని మూసిన పెట్టెలో పెట్టి తీసే కాలం. ఆ బరువంతా మోసుకుని నిజమైన ఎడారికి వెళ్లి తీశారు.

ఇందులో ఒక ముడి ఉంది. దోపిడీలో వాళ్లు కాల్చి చంపిన బ్యాంకు గుమాస్తాయే ఆ బిడ్డ తండ్రి. ఆ సంగతి తెలిశాక బిడ్డను ఎత్తుకోవడం జాలి పని కాదు, అప్పు తీర్చడం. ఒక్కొక్కరే దారిలో రాలిపోతారు. చివరికి మిగిలినవాడు బాబ్, ముగ్గురిలోకీ మొండివాడు. విషపు నీళ్ల గుంట దగ్గరికి చేరుకుంటాడు. తాగితే చస్తాడు, కానీ చచ్చేలోపల కొంచెంసేపు నడిచే బలం వస్తుంది. తెలిసే తాగుతాడు. క్రిస్మస్ పాటలు పాడుతున్న చర్చిలోకి బిడ్డను ఎత్తుకుని వచ్చి అక్కడే కూలిపోతాడు. ఎవరూ అతనికి క్షమాపణ చదివి వినిపించరు. అతనూ అడగడు.

1948 సినిమాను జాన్ ఫోర్డ్ రంగుల్లో తీశాడు, జాన్ వేన్ హీరో. ఇది పెద్ద చేతులు తీసింది, ముగింపు కూడా మెత్తన. అందులో హీరో బతికి జైలుకు పోతాడు. బిడ్డను వదులుకుంటే శిక్ష తప్పిస్తానన్నా ఒప్పుకోడు. అందుకే ఏడాది ఒక్క రోజు శిక్ష పడుతుంది. మొదటి సినిమాలో దొంగ వేషం వేసిన హ్యారీ కేరీ 1947లో పోయాడు. ఫోర్డ్ ఈ సినిమాను ఆయనకే అంకితం చేసి, ఆయన కొడుకుకు ముగ్గురిలో ఒక వేషం ఇచ్చాడు. పిల్లలతో కలిసి చూడాలంటే ఇదే మేలు. ఒంటరిగా చూడాలంటే 1929 నాటిది.

చేతిలో ఖాళీ తుపాకి

ఇక నేను ఆ డిసెంబరులో చూసిన సినిమా. ఏంజెల్ అండ్ ది బాడ్‌మాన్. రిపబ్లిక్ అనే కంపెనీ తీసింది. చౌక కౌబాయ్ సినిమాలకు పేరుపడ్డ కంపెనీ అది. జాన్ వేన్ నిర్మాతగా మొదటి సినిమా.

క్విర్ట్ ఎవాన్స్ అనే తుపాకి వీరుడు తూటా గాయంతో క్వేకర్ల పొలం ముందు పడిపోతాడు. క్వేకర్లు అంటే క్రైస్తవుల్లో ఒక సమాజం, ఎవరిమీదా ఆయుధం పట్టకూడదని నియమం పెట్టుకున్నవాళ్లు. డాక్టరు చెబుతాడు, వీడు ఎవరో తెలుసా, త్వరగా పంపించెయ్యండి అని. ఊళ్లోవాళ్ల మాట ఎప్పుడూ డాక్టరు మాటలాగే ఉంటుంది, అందులో తప్పు కూడా లేదు. తల్లి మాత్రం మంచం వేస్తుంది, అన్నం పెడుతుంది.

ఒక సీను చెప్పి తీరాలి. జ్వరంలో అతను నిద్రపోడు, మత్తులో చెయ్యి నడుము దగ్గర తుపాకి కోసం వెతుకుతుంది. చేతిలో తుపాకి లేనిదే ఆ చెయ్యికి నిద్ర రాదు. అప్పుడు తూటాలు తీసేసి ఖాళీ తుపాకి చేతిలో పెడతారు. పసిపిల్లవాడిలా నిద్రపోతాడు. వీళ్లు అతణ్ని మారమని గద్దించలేదు, అతని భయం ఏమిటో చూశారు. అట్లాగని తూటాలు ఉంచలేదు కూడా. రెండూ చేశారు.

ఇంకో సీను మన పల్లెల్లో జరిగినట్టే ఉంటుంది. పైన ఉన్న పొరుగువాడు కట్ట వేసి నీళ్లు ఆపేస్తాడు, కింద క్వేకర్ల పైరు ఎండుతుంది. క్విర్ట్ వెళ్లి నిలబడేసరికే అతని పేరు విని భయపడి నీళ్లు వదులుతాడు. తల్లి ఆ పొరుగాయన ఒంటిమీది సెగ్గడ్డ చూసి మందు వేస్తానంటుంది. పగవాడు అనుకున్నవాడు భోజనానికి కూర్చుంటాడు. ఆదివారం ప్రార్థనలో క్వేకర్లు క్విర్ట్‌కు ఒక బైబిలు బహుమానం ఇస్తారు. తనకు దక్కవలసింది కాదన్నట్టు అతను దాన్ని చూసుకునే తీరు బాగుంటుంది.

మార్పు ఒక్క రోజులో రాదు. మధ్యలో పారిపోయి పాత స్నేహితుడితో కలిసి పశువుల దొంగతనం చేస్తాడు. మళ్లీ వస్తాడు. చివర పగ తీర్చుకోవడానికి వీధిలోకి దిగినప్పుడు ఆ ఇంటి అమ్మాయి పెన్నీ వస్తుంది, తుపాకి ఆమె చేతిలో పెట్టేస్తాడు.

లోపాలు కూడా చెప్పుకోవాలి

ఆ చివరి సీనులోనే ఒక కిటుకు ఉంది. క్విర్ట్ తుపాకి ఇచ్చేశాడు సరే, అవతలివాణ్ని కాల్చింది ఎవరు? మార్షల్. అంటే ఎవడో ఒకడు కాల్చక తప్పలేదు. హీరో చేతికి మాత్రం మట్టి అంటలేదు. ఈ తరహా సినిమాలు తమ ముడిని ఇట్లా దొంగదారిలో విప్పుకోవడం తరచు కనిపిస్తుంది.

రెండో లోపం ఇంకా పెద్దది. ఎవరి భూమి మీద ఈ పొలాలు వేశారో ఆ ఆదివాసుల ఊసే ఉండదు, ఉంటే శత్రువులుగానే ఉంటుంది. హెల్స్ హింజెస్‌లో సారా కొట్టు యజమాని దుర్మార్గం చెప్పడానికి మెక్సికోవాళ్లను కించపరిచే మాట రాశారు. అందరికీ క్షమాపణ ఉందని చెప్పే సినిమాలో ఒక జాతినంతా అట్లా అనడం ఏం న్యాయం? పరాయి రాష్ట్రంలో బతికి మాటలు పడ్డవాళ్లం, మనకు అది వెంటనే తగులుతుంది.

ఈ కాలంలో వస్తున్నవాటిలో ప్రసంగం ఎక్కువైపోయిందని కూడా అనిపిస్తుంది. అయినా కొన్ని బాగున్నాయి. 2003లో హాల్‌మార్క్ టీవీ కోసం తీసిన లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ అట్లాంటిది. జానెట్ ఓక్ అనే కెనడా రచయిత్రి 1979లో రాసిన నవల దానికి ఆధారం. పడమటికి వలస వచ్చిన కొత్తలోనే భర్తను పోగొట్టుకున్న అమ్మాయికి, చిన్న కూతురున్న ఒక విధురుడు ఒక ఒప్పందం చెబుతాడు. నా బిడ్డకు తల్లిగా ఉండు, వసంతంలో వెళ్లిపోతానంటే దారి ఖర్చు నేనిస్తాను అని. తుపాకులు దాదాపు లేవు. వలస వచ్చిన ఊళ్లో దిక్కు లేకుండా నిలబడటం ఎట్లా ఉంటుందో మన అవ్వలకు చెప్పనక్కర్లేదు. 2014 నాటి ది రిడెంప్షన్ ఆఫ్ హెన్రీ మయర్స్‌లో తోటి దొంగలు మోసం చేసి వదిలేసిన ఒకణ్ని ఒక వితంతువు, ఆమె పిల్లలు చేరదీస్తారు. మళ్లీ అదే గుమ్మం.

మన తెలుగులో 1978లో విజయచందర్ యేసుగా వేసిన కరుణామయుడు ఊరూరా ఆడింది. అందులో క్రీస్తు తెరమీద కనిపిస్తాడు. ఈ కౌబాయ్ సినిమాల్లో కనిపించడు. ఎవరో పరాయివాడి ముందు పెట్టిన పళ్లెం కనిపిస్తుంది.

మళ్లీ మా చాళ్‌కి

ఈ సినిమాలు చూసి తలుపు ఎవరొచ్చినా బార్లా తెరవాలని నేను అనను. మన ఇళ్లు రెండు గదులవి. ఒక మనిషి లోపలికొస్తే ఆ భారం ఇంటి ఆడవాళ్లమీదే పడుతుంది. తప్పిపోయిన కుమారుని కథలో తండ్రికి పొలాలున్నాయి, పనివాళ్లున్నారు, కొవ్విన దూడ ఉంది. మా వదినెకు బీడీల కూలి ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. ఆ కథలో పెద్దకొడుకు కోపగించుకుని బయటే నిలబడతాడు కదా, అతనిదీ న్యాయమైన కోపమే. వదినె కొడుకు కోపం కూడా అట్లాంటిదే. తండ్రి మందులకు డబ్బు లేనప్పుడు అప్పులకు తిరిగినవాడు వాడే.

ఆ రాత్రి మా ఇంటావిడ సలహా ఏమీ చెప్పలేదు. ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు. నేను మాత్రం ఉండబట్టలేక ఆ ఖాళీ తుపాకి సంగతి చెప్పాను. వదినె నవ్వింది. "అంటే రమ్మనాలె, తూటాలు తీసుకోవాలె, అంతేనా బావా?" అన్నది.

మర్నాడు ఆమె చేసింది ఇది. వరండాలో పీట వేసి భోజనం పెట్టింది. పడుకోవడం మాత్రం ఇంట్లో కాదు, మేడ మీద. పవర్‌లూమ్‌లో పని చూసుకోవాలి, వారం కూలి తెచ్చి ఆమె చేతిలో పెట్టాలి, అన్న డబ్బు తీరేదాకా. తాగి వచ్చిన రోజున మెట్లు ఎక్కకూడదు. అతను అన్నిటికీ తల ఊపాడు. కొడుకు ఏమీ మాట్లాడలేదు, లేచి బయటికి వెళ్లిపోయాడు.

ఇప్పటికి కొన్ని నెలలయింది. ఒక వారం కూలి రాలేదు. ఆ రాత్రి అతను మెట్లు ఎక్కకుండా కిందనే, నల్లా పక్కన పడుకున్నాడు. పొద్దున వదినె చాయ్ పంపింది. తీసుకెళ్లి ఇచ్చింది ఆమె కొడుకే. గ్లాసు పక్కన పెట్టి, మాట్లాడకుండా పనికి పోయాడు.